బెత్లెహేము వెనక గోడ

ఇప్పటిదాకా నన్నెవరూ అడగలేదు. నేనే చెప్పబోతే చేతి గడియారం చూసుకున్నవాళ్లు, ఫోను చెవిన పెట్టుకుని పక్కకు తిరిగినవాళ్లు, రేపు రమ్మని పంపేసినవాళ్లు, అందరూ నాకు గుర్తున్నారు. వార్డు ఆఫీసులో నాలుగు కుర్చీలు ఖాళీగా ఉండగా నన్ను ముప్పావు గంట నిలబెట్టారు. నా మొదటి అర్జీ మీద ఎవరో టీ గ్లాసు పెడితే గుండ్రటి మరక పడింది. రెండోసారి వెళ్లినప్పుడు ఆ మరకను బట్టే నా కాగితాన్ని గుర్తుపట్టాను. అది కదిలిన దాఖలా లేదు. ఇవన్నీ మనసులోంచి తీసేయమని మా ఆవిడ చెబుతూనే ఉంటుంది. తీసేస్తే ఆ గోడ సంగతి గుర్తుపెట్టుకునే మనిషి ఇంకెవరున్నారు?

మా ఇల్లు ఫిల్మ్ నగర్‌లో, కొండ వాలు మీద ఉన్న బస్తీలో ఆఖరి వరుసలో ఉంది. మా ఇంటి వెనక గోడకూ, కొండ జారకుండా ఎప్పుడో కట్టిన పెద్ద రాతి గోడకూ మధ్య మనిషి పక్కకు తిరిగితే పట్టేంత సందు. ఆ పెద్ద గోడ రెండంతస్తుల ఎత్తు ఉంటుంది. దాని నెత్తి మీద జూబ్లీహిల్స్ బంగళా ఒకటి ఉంది. మాకు దాని అంచు మీదుగా వేలాడే కాగితంపూల తీగ తప్ప ఇంకేమీ కనపడదు. పొద్దున్నా సాయంత్రం పచ్చికకు నీళ్లు కొట్టే చప్పుడు మాత్రం వినపడుతుంది.

మా వరుసలో పదమూడు ఇళ్లు. వరుస అయిపోయాక అదే గోడ కింద కొంత ఖాళీ జాగా ఉంది. పెళ్లి భోజనాలు, చర్చి కూడికలు, ఎన్నికల మీటింగులు అన్నీ అక్కడే. మధ్యాహ్నం దాటితే గోడ నీడ పడుతుంది కాబట్టి షామియానా ఖర్చు ఉండదు. ఆ జాగా వైపు గోడ అడుగున ఐదు కన్నాలు ఉన్నాయి. గోడ వెనక మట్టిలో చేరిన నీళ్లు బయటికి పోవడానికి కట్టినవాళ్లు వదిలినవి. ఇళ్ల వెనక ఉన్న కన్నాలు మేం ఇళ్లు కట్టుకున్నప్పుడే పూడిపోయాయి. అది మా తప్పే, ఒప్పుకుంటాను. అందుకే ఆ ఐదూ మాకు ఊపిరి లాంటివి.

నేను ముప్పై ఏళ్లకు పైగా సినిమా సెట్లకు మోల్డింగ్ పని చేశాను. కొబ్బరి పీచును ప్లాస్టర్‌లో ముంచి కోట గోడలు, గుడి స్తంభాలు, గుహలు పోశాను. ఊపిరితిత్తుల్లో దుమ్ము చేరిందని డాక్టరు చెప్పాక మానేశాను. వార్డు ఆఫీసులో ఒకాయన నా వృత్తి అడిగి, "డమ్మీ గోడలు కట్టేటోనివి, అసలు గోడ గురించి నీకేం ఎరుక?" అని నవ్వాడు. ఆ నవ్వు కూడా నా లెక్కలో ఉంది. డమ్మీ గోడ కట్టేవాడికే అసలు గోడ విలువ తెలుస్తుందని నాకు గంట తర్వాత, ఆటోలో తట్టింది.

మా ఆవిడకు రెండేళ్ల కిందట తుంటి విరిగింది. ఆపరేషను అయ్యాక నాలుగు కాళ్ల వాకరు పట్టుకుని, మంచం నుంచి గుమ్మం దాకా రావడానికి ఆమెకు చాలాసేపు పడుతుంది. మంచం పట్టే చోటు వెనక గది ఒక్కటే. ఆ గోడకు ఏమైనా అయితే వరుసలో అందరూ పరుగెత్తుతారు. ఆమె పరుగెత్తలేదు. నా భయమంతా అదే.

వానాకాలంలో మొదట ఖాళీ జాగా వైపు పెద్ద గోడకు పగులు కనపడింది. వెంట్రుక మందాన ఉండేది, దసరా నాటికి నా చిటికెన వేలు దూరింది. దానికి అడ్డంగా అరచేతి వెడల్పున ప్లాస్టర్ పట్టీ వేశాను. గోడ నిలకడగా ఉంటే పట్టీ అలాగే ఉంటుంది, కదిలితే విరుగుతుంది. మూడో రోజు పొద్దున చూస్తే పట్టీ నిలువునా రెండుగా చీలి ఉంది. ఇంకోటి వేశాను, అది వారం ఆగింది. కన్నాల్లోంచి వచ్చే నీళ్ల రంగు కూడా మారింది. అంతకు ముందు తేటగా కారేవి, ఇప్పుడు ఎర్రమట్టిని తోడుకొస్తున్నాయి. మట్టి బయటికి వస్తోందంటే లోపల గుల్లవుతోందని చెప్పడానికి ఇంజినీరే అక్కర్లేదు.

రోజూ గోడకు చెవి ఆనించి వినడం అలవాటైంది. ఏం వినపడుతుందని అడిగితే చెప్పలేను. ఎప్పుడైనా ఒక గులకరాయి లోపలెక్కడో జారి ఆగుతుంది. ఇంకోటి జారుతుందేమోనని మళ్లీ చెవి ఆనించేవాణ్ని.

పక్కింటావిడ పైన బంగళాల్లో వంట పనికి వెళుతుంది. ఒకరోజు నన్ను చూసి ఆగింది.

"ఏందన్నా, గోడకు చెవి ఆనిచ్చినవ్? ముచ్చట్లు జెప్తుందా?"

"పగులు చూడమ్మా. మొన్నటికంటే పెరిగింది."

"నువ్వు దినాం చూస్తే గది పెరగక ఏం జేస్తది? మా అత్త గిట్లనే నా దిక్కు చూస్తుండె, నేను లావైన." నవ్వింది. తర్వాత తనూ ఆ పగుల్లో వేలు పెట్టి చూసి నవ్వు ఆపేసింది. "నిజంగనే పడుతదా అన్నా?"

"తెలియదమ్మా. తెలిసినవాళ్లు వచ్చి చెప్పాలి."

తెలిసినవాళ్లు రాలేదు. వార్డు ఆఫీసులో వర్క్ ఇన్‌స్పెక్టర్ అనే కుర్రాయన నా ఫోటోలన్నీ వేలితో జరిపి చూశాడు.

"పెద్దమనిషీ, ఈ గోడ మాది కాదు. పైన బంగ్లా వాళ్లది. ప్రైవేట్ ప్రాపర్టీ."

"బంగళా వాళ్లు కార్పొరేషన్ వాళ్లదంటున్నారండీ."

"అంటరు. అనకపోతే పైసలు వాళ్లు పెట్టాలె గదా. ఇంకోటి, ఇప్పుడు వార్డుల హద్దులు మారుతున్నయ్. మీ గల్లీ మా దాంట్లనే ఉంటదో లేదో నాకే తెల్వదు. జర ఫికర్ చెయ్యకు, ఆన్‌లైన్ల పెట్టు. నంబర్ వస్తది."

నంబరు వచ్చింది. ప్రతి వారం దాన్ని కొట్టి చూసేవాణ్ని. 'పరిశీలనలో ఉంది' అని ఉండేది.

డిసెంబరు వచ్చింది. మా చర్చి పాస్టరుగారు ఆదివారం ఆరాధన చివర ప్రకటన చేశారు. ఈసారి ప్రభుత్వం వాళ్ల క్రిస్మస్ కానుకలు మన బస్తీలోనే పంచుతారట. నగర పెద్దలు వస్తారట. పైన బంగళా వారు అందరికీ దుప్పట్లు ఇస్తున్నారట, భోజనాలు కూడా వాళ్లవేనట. జనం చప్పట్లు కొట్టారు. ఎక్కడ పంచుతారో చెప్పకముందే నాకు తెలిసిపోయింది.

బయట ఆయన్ని ఆపి, గోడ కింద వద్దని చెప్పాను.

"బ్రదర్, ఇంకెక్కడ పెడతామండీ? చర్చిలో పట్టరు, రోడ్డు మీద పోలీసులు ఒప్పుకోరు. ఆ దుప్పట్లు ఇస్తున్న ఆయన గోడే బాగోలేదని ఇప్పుడు ఎట్లా చెబుతాం? ఇచ్చే చేతిని కొట్టినట్టు ఉంటుంది." కాస్త ఆగి నా భుజం మీద చెయ్యి వేశారు. "మీరొక సాయం చేయాలి. గోడకు బెత్లెహేము సెట్ వేద్దామంటున్నారు మన స్టూడియో తమ్ముళ్లు. కొండలూ గుహలూ మీలాగా చేసేవాళ్లు ఎవరున్నారు?"

పదేళ్లుగా చర్చి పనుల్లో నన్ను పిలిచినవాళ్లు లేరు. అంతకు ముందైతే కృతజ్ఞతలు చెప్పే జాబితాలో చాపలు పరిచినవాళ్ల పేర్లు చదివి, వేదిక పోసిన నా పేరు వదిలేసిన ఏడాది కూడా ఉంది. ఆ పిలుపు నాకు తియ్యగా తగిలిందని దాచను. అయినా ఒప్పుకున్నది దాని కోసం మాత్రమే కాదు. సెట్ ఎలాగూ వేస్తారు. నేను అక్కడుంటే కన్నాలు మూయనివ్వనని అనుకున్నాను.

మా బస్తీలో పండక్కి చందా ఇచ్చేటప్పుడు డబ్బులు లేనివాడు పని ఇస్తాడు. లైట్‌మ్యాన్ లైట్లు తెస్తాడు, వడ్రంగి పశువుల తొట్టె చేస్తాడు, పెయింటర్ ఆకాశం వేస్తాడు. పని నడిపించింది నా దగ్గర నేర్చుకుని ఇప్పుడు మేస్త్రీ అయిన మనిషి. నాలుగు రోజులు గోనెపట్టా, పీచు, ప్లాస్టర్‌తో కొండలు పోశాం. ఐదు కన్నాల చుట్టూ ఐదు గుహలు చేశాను. గొర్రెల కాపరుల గుహల్లా ఉంటాయి, నీళ్లు లోపల నుంచి పలుచగా కారుతూ ఉంటాయి. ఊట అనుకుంటారు. పగులు మీదుగా నక్షత్రాల ఆకాశం వచ్చింది. నా పట్టీ దాని కింద ఎక్కడో ఉండిపోయింది. బ్రష్ పట్టుకున్న పెయింటర్‌ను ఆపాలనుకున్నాను, ఆపలేదు. బాగుందని అందరూ అంటున్నారు. నేనూ అటు చూసి, బాగుందనే అనుకున్నాను.

పంపిణీకి ముందు రోజు మా ఆవిడను ఆసుపత్రికి తీసుకెళ్లాలి, డాక్టరు చూడాల్సిన తేదీ. ఓపీ వరుసలోనే పొద్దు గడిచిపోయింది. సాయంత్రం ఆటో దిగి ఖాళీ జాగా వైపు చూశాను. గుహలు పొడిగా ఉన్నాయి.

దగ్గరికెళ్లి వేలు పెట్టాను. లోపల గట్టిగా తగిలింది. పీచును తెల్ల సిమెంటులో ముంచి ఐదింటినీ కుక్కేసి, పైన మట్టి రంగు వేశారు. మేస్త్రీ నిచ్చెన మీద నుంచి చూసి దిగివచ్చాడు.

"గురువుగారూ, కోప్పడకండి. తడి పైకి పాకి రంగు ఊడుతోంది. రేపు కెమెరాలు వస్తున్నాయి."

"అవి మూస్తే నీళ్లు ఎక్కడికి పోతాయిరా?"

"ఒక్క రోజండీ. ఫంక్షన్ అవ్వగానే నేనే తీసేస్తాను. మీరే కదా నేర్పారు, ఫ్రేములో తడి కనపడకూడదని!"

నేర్పింది నేనే. సెట్ గోడల వెనక కర్రలుంటాయి, మట్టి ఉండదు. సెట్ గోడకు నీళ్లు బయటి నుంచే వస్తాయి. ఆ తేడా ఎప్పుడూ చెప్పాల్సిన అవసరం రాలేదు, చెప్పలేదు. ఆ సాయంత్రమే తవ్వేసి ఉండాల్సింది. మా ఆవిడ ఇంకా ఆటోలోనే కూర్చుని ఉంది, నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. ఆమెను లోపలికి తీసుకెళ్లాను. బయటికి వచ్చేసరికి వాళ్లు సామాన్లు సర్దుకుని వెళ్లిపోయారు, కాపలాకు ఇద్దరిని కూర్చోబెట్టి, నన్ను దగ్గరికి రానివ్వొద్దని చెప్పి మరీ.

తెల్లవారి మా ఆవిడ లేపింది. "ఏమండీ, దుప్పటి తడిగా ఉందేమిటి?"

మంచం పక్క గోడ మోకాలెత్తు దాకా చెమ్మగా ఉంది. వానలో కూడా అక్కడ తడి ఎన్నడూ రాలేదు. పైన అప్పుడే పచ్చికకు నీళ్లు కొడుతున్న చప్పుడు. ఆమె నా ముఖం చూసింది, నేను గోడ చూశాను. ఆమెను ముందు గదిలోకి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టేసరికి ఫోను మోగింది. సందేశం: 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.' కింద ఋజువుగా ఒక ఫోటో జత చేశారు. నీలి ఆకాశం, నక్షత్రం, నేను పోసిన కొండలు. ఎవరో వచ్చి గోడకు ఫోటో తీసుకుని వెళ్లారన్నమాట. పేపరులో సిటీ పేజీలో కూడా అదే ఫోటో వచ్చింది, బస్తీ గోడకు కొత్త కళ వచ్చిందని రాశారు.

ఇక మీదట ఎవరడిగినా గోడ బాగైందని ఆఫీసు ఆ బొమ్మ చూపిస్తుంది. బాగుచేసింది నా చేతులే.

మధ్యాహ్నం మూడింటికి గోడ నీడలో ఆడవాళ్ల వరుస మొదలైంది. చంకన పిల్లలు, చేతిలో టోకెన్లు. వీపులు గోడకు ఆనించి నిలబడ్డారు, చల్లగా ఉందని. పాస్టరుగారి దగ్గరికి వెళ్లి వరుసను అవతలికి, ఎండలోకి జరపమన్నాను.

"బ్రదర్, దయచేసి ఈ ఒక్క పూట. పెద్దలు దారిలో ఉన్నారు."

"అయ్యగారూ, కన్నాలు మూశారు. లోపల ఒక రోజు నీళ్లు నిండి ఉన్నాయి."

"ప్రార్థన చేసుకుందాం. సరేనా?"

ప్రార్థన మొదలైంది. అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేకపోయాను, అందుకే చూశాను. నక్షత్రం కింద నీలిరంగులో సన్నటి తెల్ల గీత పడింది. నేను చూస్తుండగానే అది కొండల దాకా దిగింది. ప్లాస్టర్ పొడి ఒకావిడ భుజం మీద రాలింది, ఆమె కళ్లు తెరవకుండానే దులుపుకుంది.

చెప్పడానికి సిగ్గేమీ లేదు, మొదట ఇంటి వైపే తిరిగాను, మా ఆవిడను మోసుకుని పోదామని. ఇంతమంది అక్కడ నిలబడి ఉండగా రెండడుగులే వేయగలిగాను. వేదిక గుంజలకు గుంటలు తవ్విన గడ్డపలుగు పక్కనే పడి ఉంది. తీసుకుని, "తప్పుకోండి! అందరూ తప్పుకోండి!" అని అరుస్తూ మొదటి గుహలో పొడిచాను.

"గీయనకేమైందే? పిచ్చి లేసిందా?" ఎవరో అరిచారు.

నాలుగో పోటుకు నీళ్లు వచ్చాయి. కారడం కాదు, పైపు పగిలినట్టు ఎదురుగా కొట్టాయి. ఎర్రటి బురద. దుప్పట్ల కట్టల మీద, కానుకల అట్టపెట్టెల మీద, నా ఛాతీ మీద. ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని అవతలికి పరుగెత్తారు. నాకు కావలసింది అదే. రెండోది తెరిచాను. మూడోది తెరుస్తుండగా నలుగురు నన్ను వెనక నుంచి పట్టుకున్నారు. మిగతా రెండూ వేదిక వెనక ఉండిపోయాయి.

పెద్దల కార్లు మలుపు దగ్గరే ఆగి వెనక్కి తిరిగాయి. పాస్టరుగారు ఆ రోజు నాతో మాట్లాడలేదు. తడిసిన దుప్పటి చూపించి ఒక ముసలాయన, "మాకిచ్చిందే గింత, గది గూడ ఖరాబు జేసినవ్," అన్నాడు. పక్కింటావిడ ఒక్కతే ఆ నీళ్ల ముందు కూర్చుని చెయ్యి పెట్టి చూసింది. పిడికెడు మట్టి వచ్చింది. "అన్నా," అంది, "గిదంతా మా వెనకాలనే ఉండెనా?" ఆ సాయంత్రమే తన పిల్లల్ని రహమత్ నగర్‌లో తమ్ముడింటికి పంపించింది.

పేపరు రెండు వరుసలు రాసింది: నీటి లీకేజీ వల్ల కార్యక్రమాన్ని కుదించారు.

ఐదో రోజు కార్పొరేషన్ నుంచి నాకు మొట్టమొదటిసారి ఒక కాగితం వచ్చింది. ప్రభుత్వ ఆస్తి అయిన గోడకు నష్టం కలిగించినందుకు ఏడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలట. అంటే గోడ మీ కార్పొరేషన్‌దే. నేను రాసినప్పుడు బంగళా వాళ్లది, నేను పొడిచినప్పుడు మీది. కాగితంతో పాటు ఇద్దరు మనుషులు వచ్చి సెట్ చుట్టూ రిబ్బను కట్టి, ముట్టుకోరాదని బోర్డు పెట్టి వెళ్లారు. కన్నాల వైపు చూడనే లేదు. మేస్త్రీ మాట ఇచ్చినట్టే మిగతా రెండూ తెరవడానికి వచ్చాడు, బోర్డు చూసి ఆగిపోయాడు. "కేసు పెడతారు గురువుగారూ," అన్నాడు. తప్పు పట్టలేను. అతనికీ సంసారం ఉంది.

మూడు కన్నాల్లోంచి ఇప్పటికీ మట్టి నీళ్లే వస్తున్నాయి. ఆకాశంలో పగులు నిన్నటికి నా రెండు వేళ్ల వెడల్పు అయింది. జనం ఇప్పటికీ వచ్చి రిబ్బను ఇవతల నిలబడి బెత్లెహేముతో ఫోటోలు దిగుతున్నారు. నేను దగ్గరికెళ్లి వద్దంటాను. కొందరు వింటారు, కొందరు నన్నూ ఫోటోలో నిలబడమంటారు.

మా ఆవిడ మంచం సగం ముందు గదిలో, సగం మధ్య గుమ్మంలో వేశాను. వాకరు చేతికి అందేలా పెట్టాను. నిన్న మధ్యాహ్నం నేను బయట ఉన్నప్పుడు, వీధి గుమ్మం దాటడానికి ఎంతసేపు పడుతుందో ఆమె ఒక్కతే నడిచి చూసుకుందట. ఎంతసేపు పట్టిందని అడిగితే చెప్పలేదు.

సంజాయిషీ అడిగారు కదా, ఇదే నా సంజాయిషీ. పొడిచింది నేనే, కొండలు పోసిందీ నేనే, రెంటికీ సంతకం పెడతాను. ఇప్పుడు మీరు చెప్పండి. ఆ రెండు కన్నాలు ఎవరు తెరుస్తారు, ఏ రోజు తెరుస్తారు? పదమూడు ఇళ్లవాళ్లను అప్పటిదాకా ఎక్కడ ఉంచుతారు? గోడ నిలుస్తుందని మీ ఇంజినీరు నమ్మితే మా వెనక గదికి వచ్చి, మంచం ఉండే చోట కూర్చుని, ఆ మాట కాగితం మీద రాసి ఇవ్వమనండి. నిలవదంటే అదీ రాయమనండి, మా ఆవిడను ఎత్తుకుని ఇవాళే వెళ్లిపోతాను. నంబరు వద్దు, ఫోటో వద్దు. మనిషి వచ్చి జవాబు చెప్పాలి.